ఎస్‌సీపీ

వేర్వేరు ఆపరేటింగ్ సిస్టమ్‌లున్న కంప్యూటర్ల మధ్య కూడా కమాండ్ లైన్ నుంచి ఫైళ్లను భద్రంగా కాపీ చేసే ప్రోగ్రామ్. పూర్తి పేరు సెక్యూర్ కాపీ.

చరిత్ర: యునిక్స్‌లోని ఆర్‌సీపీ అనే పాత కాపీ ప్రోగ్రామ్ ఫైళ్లను గుప్తీకరించకుండానే పంపేది. 1995లో ఫిన్లాండ్‌కు చెందిన తాతు యులోనెన్, ఎస్‌సీపీకి ఆధారమైన ఎస్‌ఎస్‌హెచ్ అనే గుప్తీకరణ పద్ధతిని రూపొందించాక ఆ లోటు తీరింది. 1999లో ఓపెన్‌బీఎస్‌డీ బృందం దాని ఉచిత రూపమైన ఓపెన్‌ఎస్‌ఎస్‌హెచ్‌ను విడుదల చేసింది. విండోస్‌లో చాలాకాలం పుట్టీ అనే ప్రోగ్రామ్‌తో వచ్చే పీఎస్‌సీపీ వంటివాటిని విడిగా తెచ్చుకోవాల్సి వచ్చేది. 2018 నుంచి విండోస్ 10లోనే ఎస్‌సీపీ ఉంటోంది. 2022లో వచ్చిన ఓపెన్‌ఎస్‌ఎస్‌హెచ్ 9.0 నుంచి అందులోని ఎస్‌సీపీ లోలోపల మామూలుగా ఎస్‌ఎఫ్‌టీపీ అనే మరో ఫైలు బదిలీ పద్ధతిని వాడుతోంది.

వాడుక: కమాండ్ తర్వాత ముందు పంపాల్సిన ఫైలు, ఆపై గమ్యం రాయాలి. గమ్యంలో యూజర్ పేరు, ఎట్ గుర్తు, కంప్యూటర్ పేరు, కోలన్, ఫోల్డర్ దారి వరుసగా వస్తాయి. కోలన్ మరిచిపోతే ఫైలు అవతలికి చేరదు. సొంత కంప్యూటర్‌లోనే గమ్యంగా రాసిన పేరుతో మరో నకలు తయారుకావచ్చు. మామూలుగా వాడే పోర్టు 22.

జాగ్రత్తలు: ఎస్‌సీపీ ఫైలును బైటు మారకుండా చేరవేస్తుంది. విండోస్‌లో పంక్తి చివర సాధారణంగా రెండు గుర్తులుంటాయి, లినక్స్‌లో ఒకటే. అందుకే నోట్‌ప్యాడ్‌లో రాసిన స్క్రిప్టు లినక్స్‌లో మొరాయించవచ్చు. తెలుగు పేర్లలోని ఐత్వాన్ని యూనికోడ్‌లో ఒకే సంకేతంగానూ, రెండుగా విడదీసీ రాయవచ్చు. కంటికి ఒకేలా కనిపించినా లినక్స్‌కు అవి రెండు వేర్వేరు పేర్లు. గమ్యంలో అదే పేరుతో ఫైలుంటే ఎస్‌సీపీ అడగకుండానే దాన్ని చెరిపి రాస్తుంది. కాబట్టి పంపేముందు ఒకసారి సరిచూసుకోవాలి.