అగ్నిబాధితులును నష్టపరిహారమును

గోదావరి మండలములలో ఇండ్లు కాలుట క్రొత్త సంగతి కాదు. తాటియాకు కప్పులు విస్తారముగా నున్న కాలమున, ఎండలు ముదిరి వడగాలి లేచిన దినమున, ఒక పొయ్యినుండి నిప్పురవ్వ ఎగిరిన చాలును, పేట యంతయు బూడిద యగుచుండెను. అట్టి సమయములందు ఇరుగుపొరుగువారు వాసములును తాటాకులును ఇచ్చుటయు, ఊరిపెద్దలు చందాలు పోగుచేసి బియ్యమును వస్త్రములును పంచుటయు మన యాచారము. ఈ యాచారము మిక్కిలి మంచిది. అయినను దీనివలన మన మనస్సులలో ఒక యభిప్రాయము నాటుకొనిపోయినది. కాలినవాని కిచ్చునదంతయు దయచే నిచ్చునదే యనియు, వాడు చేతులు జోడించి పుచ్చుకొనవలసినదే గాని యింత నాకు రావలెనని యడుగరాదనియు నెంచుచున్నాము. ఆ నిప్పు ఎవరిది, దానిని కాపాడవలసిన వారెవరు అను ప్రశ్న మనకు తోచదు. దానము వేరు, బాకీ వేరు. ఈ భేదము న్యాయశాస్త్రమున ఎట్లు క్రమముగా స్థిరపడెనో, మన జిల్లాలో దాని యవసర మెట్టిదో తెలుపుటయే ఈ వ్యాసము యొక్క యుద్దేశము.

మన పూర్వులు అగ్నివిషయమున అజాగ్రత్తగా లేరు. కౌటిల్యుని అర్థశాస్త్రమున నగరాధికారి ధర్మములు చెప్పినచోట, వేసవియందు పగటిపూట నడిమి వేళల నిప్పు రాజేయరాదని నియమ మున్నది. ప్రతి గృహస్థుడును నీటికుండలు, నిచ్చెన, గొడ్డలి, చేట, కొక్కెము, తోలుసంచి మొదలగు సాధనములను సిద్ధముగా నుంచుకొనవలెను. ఇల్లు కాలుచుండగా ఆర్పుటకు పరుగెత్తిరాని యింటియజమానునకు 12 పణములును, అద్దెకున్న వానికి 6 పణములును దండన. అజాగ్రత్తచే నిప్పంటించిన వానికి 54 పణములు. బుద్ధిపూర్వకముగా నంటించిన వానికి అగ్నియందే మరణము. ఈ నియమము లెంత కఠినములైనను ఒక్క లోపము కనబడుచున్నది. ఆ పణములు రాజుగారి బొక్కసమునకు చేరును. ఒడలు కాలినవానికి ఏమి చేరునో ఆ ప్రకరణమున లేదు.

ఆ లోపమును కొంత పూరించు మాట వేఱొక గ్రంథమున నున్నది. మనుస్మృతి 8 వ యధ్యాయమున, ఒకని యవయవములకు హాని చేసినవాడు వానికి సముత్థానవ్యయ మీయవలెనని చెప్పబడినది. సముత్థాన మనగా మరల లేచుట. గాయపడినవాడు మంచముమీదినుండి లేచి తిరుగువఱకు నగు ఖర్చంతయు నని యర్థము. ఆ స్మృతిలో వర్ణములనుబట్టి దండనలు హెచ్చుతగ్గులుగా నుండుట మనకు సమ్మతము కాదు. అయినను ఈ యొక్క మాటను మనము విడువరాదు. పరిహారమునకు కొలత పెట్టువాని యైశ్వర్యముగాని దయగాని కాదనియు, దెబ్బతిన్నవాడు లేచువఱకు నగు వ్యయమే కొలత యనియు నిది చెప్పుచున్నది.

ఆంగ్లేయుల న్యాయమున చిరకాలము ఒక వింత యుండెను. గాయపడి బ్రతికినవాడు వ్యాజ్యము వేయవచ్చును గాని, చచ్చిన యెడల వానితోడనే వ్యాజ్యమును చచ్చుచుండెను. రైళ్లును యంత్రములును ప్రబలి చావులు పెరిగిన పిమ్మట 1846 లో బ్రిటిషు పార్లమెంటు ఈ యన్యాయమును సవరించెను. దానిననుసరించి 1855 లో మన దేశమునను మారణప్రమాదముల చట్టము వచ్చెను. ఇతరుల తప్పిదముచే మరణించినవాని భార్యయు, భర్తయు, తల్లిదండ్రులును, బిడ్డలును పరిహారము కోరుటకు దీనివలన నధికారము కలిగెను. పిదప 1868 లో ఇంగ్లాండునందలి ప్రభువులసభ, రైలాండ్సు అనువాని జలాశయమునుండి నీరు పొంగి ఫ్లెచరను వాని బొగ్గుగని మునిగిపోయిన వ్యాజ్యమున ఒక సూత్రమును స్థాపించెను. అపాయకరమైన వస్తువును తన నేలపైకి తెచ్చుకొన్నవాడు, అది తప్పించుకొనిపోయి పరులకు హానిచేసిన యెడల, అజాగ్రత్త లేకపోయినను బాధ్యుడు. అయితే ఈ సూత్రమునకు వెనుకనే మినహాయింపులు వచ్చినవి. దైవికమని చెప్పి తప్పించుకొనవచ్చును, అన్యుడు చేసిన పని యని చెప్పి తప్పించుకొనవచ్చును. మన దేశమున 1923 లో వచ్చిన కార్మిక పరిహార చట్టము పనిచేయుచు గాయపడిన కూలివానికి యజమాని తప్పు రుజువు చేయనక్కరలేకయే పరిహార మిప్పించెను. కాని కర్మాగారముప్రక్కన నిద్రించు గృహస్థున కది వర్తింపదు.

ఆ గృహస్థుని కథయే మన కోనసీమ కథ. గోదావరి పాయల నడుమ కొబ్బరితోటల క్రింద సహజవాయువు బయల్పడినప్పటినుండి ఆ సీమలో బావులును గొట్టములును వ్యాపించినవి. త్రవ్వు సంస్థయగు ఓఎన్జీసీకిని, గొట్టములద్వారా వాయువును చేరవేయు గెయిలు సంస్థకును ఈ ప్రాంతపు కార్యాలయములు రాజమహేంద్రవరముననే యున్నవి. 1995 జనవరి 8 వ తేదీన పాశర్లపూడియొద్ద బావి ప్రేలి, రెండుమాసములకు పైగా మంట ఆకాశము నంటుచుండెను. జనులు ఇండ్లు విడిచి పోవలసివచ్చెను. గొట్టములు వేయుటకు 1962 లో చేసిన చట్టమున, భూమిని వాడుకొను హక్కునకై ఆ భూమి విలువలో నూటికి 10 వంతున నీయవలెననియు, వివాదము కలిగిన జిల్లా జడ్జీ తీర్పవలెననియు స్పష్టముగా వ్రాసియున్నది. నేలకు ధర యున్నది, దానిని తేల్చు న్యాయస్థాన మున్నది. ఆ నేలపై నివసించు మనుజుని చర్మము కాలిన యెడల నేమి యీయవలెనో అట్టి స్పష్టత ఆ చట్టమున లేదు.

2014 జూన్ 27 వ తేదీన తెల్లవారుచుండగా మామిడికుదురు మండలమందలి నగరము గ్రామమున గెయిలువారి గొట్టమునుండి కారిన వాయువు భగ్గున మండెను. కొబ్బరిచెట్లు నిలువున మాడెను. ఇండ్లలో నున్నవారు బయటికి వచ్చుసరికే మంటలు చుట్టుకొనెను. ఇరువదిమందికి పైగా మరణించిరి. కాలినవారిని అమలాపురము, కాకినాడ ఆసుపత్రులకు తరలించిరి. గెయిలువారు మృతుల కుటుంబములకు తలకు 20 లక్షలును, రాష్ట్రప్రభుత్వము 3 లక్షలును, కేంద్రప్రభుత్వము 2 లక్షలును ప్రకటించిరి. చితి చల్లారకమునుపే వచ్చిన ఈ ప్రకటనలను నిందింపరాదు. ఆకలిగొన్న యింటికి ధనము త్వరగా వచ్చుటయే మేలు. అయినను దానిని ప్రకటించినవారే దానికి కొలతయు పెట్టిరి. ఎవనివలన నష్టము కలిగెనో వాడే నష్టమును లెక్కకట్టుట ఏ వ్యవహారమందైనను మన మొప్పుకొందుమా?

ఆ దినమున ఒక మాట వినబడెను. వేకువను టీదుకాణమువాడు పొయ్యి వెలిగించుటచే వాయు వంటుకొన్నదని వార్తలు వచ్చినవి. 1868 నాటి సూత్రము ప్రకారమైన యెడల, ఇది యన్యుని పని యని గొట్టముగల సంస్థ వాదింపవచ్చును. కాని అప్పటికి చాలకాలము క్రిందటనే మన సుప్రీముకోర్టు ఆ ద్వారమును మూసివేసెను. 1985 డిసెంబరు 4 వ తేదీన ఢిల్లీలోని శ్రీరామ్ కర్మాగారమునుండి ఘాటైన ఆమ్లవాయువు వెలువడెను. ఆ వ్యాజ్యమున 1986 డిసెంబరు 20 వ తేదీన ప్రధానన్యాయమూర్తి భగవతిగారి ధర్మాసనము, అపాయకరమైన పరిశ్రమను నడపువారి బాధ్యత సంపూర్ణమనియు, దానికి మినహాయింపులు లేవనియు, సంస్థ ఎంత పెద్దదో పరిహార మంత హెచ్చుగా నుండవలెననియు నిర్ణయించెను. టీ కాచుకొనుటకు పొయ్యి వెలిగించుట మనుజుని నిత్యకృత్యము. అది ప్రమాద మగునట్లు వీథిలోనికి వాయువును విడుచుటయే దోషము.

అయితే సూత్రము వేరు, చేతికి వచ్చు సొమ్ము వేరు. 1984 నాటి భోపాలు ఘోరమునకు 1989 లో 47 కోట్ల డాలర్లకు రాజీ కుదిరెను. అది యెందఱికో పంచబడి పలుచనయ్యెను. ఆ యనుభవమువలన 1991 లో ప్రజాబాధ్యతా భీమా చట్టము వచ్చెను. ప్రమాదకర పదార్థములచే గాయపడినవారు ఎవరి తప్పును రుజువు చేయకయే కలెక్టరుగారికి దరఖాస్తు చేసికొని తక్షణసహాయము పొందవచ్చును. కాని నాడు నిర్ణయించిన మొత్తములు మరణమునకు 25,000 రూపాయలు, వైద్యమునకు 12,500 వఱకును మాత్రమే. ధర లెన్నిమడుగులు పెరిగినను ఈ యంకెలు మూడు దశాబ్దములు కదలలేదు.

కోర్టుద్వారా పోయినవారి మార్గమును సులభము కాదు. 1997 జూన్ 13 వ తేదీన ఢిల్లీలో ఉపహార్ సినిమాశాలలో నిప్పంటుకొని 59 మంది మరణించిరి. బంధువులు సంఘముగా నేర్పడి పోరాడగా, 2003 లో హైకోర్టు 20 ఏండ్లు దాటిన మృతులకు 18 లక్షలును, తక్కినవారికి 15 లక్షలును, గాయపడిన 103 మందికి తలకొక లక్షయు నిప్పించెను. 2011 లో సుప్రీముకోర్టు మృతుల పరిహారమును 10 లక్షలకును, ఏడున్నర లక్షలకును తగ్గించెను. పదునాలు గేండ్లు గడచినవి. అయినను ఆ బంధువులు సాధించినది చిన్నది కాదు. ఆ సొమ్ము వారికి దానముగా రాలేదు, తీర్పుగా వచ్చినది.

పై వ్యాజ్యమున గాయపడినవారి కందఱికిని ఒకే మొత్త మిచ్చుట గమనింపుడు. మరణము అందఱికిని కనబడును. కాలి బ్రతికినవాని బాధ ఆసుపత్రి గడప దాటిన పిమ్మట ఎవరికిని కనబడదు. మానిన చర్మము ముడుచుకొని మెడను, మోచేతిని, వ్రేళ్లను బిగించును. పిల్లవాడు పెరుగును గాని కాలిన చర్మము వానితోపాటు పెరుగదు. అందుచేత ఏండ్ల తరబడి మరల మరల శస్త్రచికిత్సలు కావలెను. వ్రేళ్లు వంగని వడ్రంగి తన పనిని కోల్పోవును. ముఖము కాలిన బాలికను చూచి, ఈమెకు పెండ్లి కాదే యని యింటివారు దుఃఖింతురు గాని, ఆమె చదువు నిలిచిపోయినదని యెందఱు దుఃఖింతురు? మొదటి దినమున ప్రకటించిన ఏ మొత్తమైనను దీనిని కొలువజాలదు. జరిగిన వైద్యము, జరుగవలసిన వైద్యము, పోయిన సంపాదన, పడిన నొప్పి, తగ్గిన జీవితసౌఖ్యము ఇవన్నియు విడివిడిగా లెక్కింపవలెనని నేటి న్యాయస్థానములు చెప్పుచున్నవి. ప్రాచీనులు సముత్థానవ్యయ మన్నది దీనికే బీజము.

కావున గృహస్థులు కొన్ని సంగతుల నెఱిగియుండవలెను. ఆసుపత్రి కాగితములు, రసీదులు, గాయముల ఛాయాచిత్రములు, పోలీసువారి మొదటి సమాచార నివేదిక భద్రపఱచవలెను. 1855 నాటి చట్టము క్రింద మరణమునకు వ్యాజ్యము రెండేండ్లలోను, 1991 నాటి చట్టము క్రింద దరఖాస్తు ఐదేండ్లలోను వేయవలెను. వంటగ్యాసు బుడ్డివలన ప్రమాదము కలిగిన యెడల ఆయిలు కంపెనీల భీమా కలదు. మరణమునకు 6 లక్షలును, వైద్యమునకు తలకు 2 లక్షల వఱకును దానివలన లభించును. అందులకు వెంటనే డీలరునకు వ్రాతమూలముగా తెలుపవలెను. 1987 నాటి న్యాయసేవల చట్టముచే స్త్రీలకును, పిల్లలకును, పారిశ్రామిక విపత్తుల బాధితులకును ఉచితముగా వకీలు లభించును. రాజమహేంద్రవరమందలి జిల్లా న్యాయసేవాధికార సంస్థ యున్నది ఇందులకే. ప్రకటితధనమును పుచ్చుకొనునపుడు, ఇక నాకు రావలసిన దేమియు లేదని వ్రాసియున్న కాగితముపై చదువక వ్రేలిముద్ర వేయరాదు.

ఇల్లు కాలినపుడు తాటాకులును బియ్యమును మోసికొనిపోవు మన యాచారము చిరకాలము నిలుచుగాక. దానికి ఇంకొక పనిని చేర్చుకొందము. ఆ యింటివారికి ఒక దరఖాస్తు వ్రాసిపెట్టి, గడువు మించకముందే కచేరీకి తోడుగా పోవుటయు పొరుగువాని ధర్మమే. చదువుకొన్నవారికి ఈ పనిలో కాణియైనను ఖర్చు కాదు.