కదిలిన ఊరు, ఆగిన ఊరు

మా ఊరికి ఎగువన, కొండ వాలులో ఒక చింతతోపు ఉంది. అక్కడ ఇళ్లు లేవు. గడ్డి తొలగిస్తే అరుగు రాళ్లు, విరిగిన రోలు కనిపిస్తాయి. దాన్ని మేం పాత ఊరు అంటాం. గెడ్డ దాటితే ఇంకో పాత ఊరు ఉంది. పాడేరు, చింతపల్లి, గూడెం కొండల్లో మీ ఊరి పెద్దలను అడగండి, వాళ్లూ ఇలాంటి చోటు ఒకటి చూపించవచ్చు. మన ఇంటి ఆరోగ్య చరిత్ర ఆ పాత ఊళ్ల దగ్గరే మొదలవుతుంది.

ఊరు ఎందుకు కదిలేది? పోడు నేల కొన్నేళ్లకు సారం తగ్గుతుంది. కొత్త పోడు దూరమైతే ఇళ్లూ దాని వెంట కదిలేవి. జబ్బు చేసి వరసగా మనుషులు పోయినా ఊరు మార్చేవారు. గాలి సోకిందనో, దేవతకు కోపం వచ్చిందనో అనుకునేవారు. ఆ కారణం సరైనది కాకపోవచ్చు. చేసిన పనిలో మాత్రం మేలు ఉంది. పేడదిబ్బ, మురికి నీరు, పాత కప్పులో చేరిన ఎలుకలు, నల్లులు అన్నీ వెనక ఉండిపోయేవి. కొత్త చోట కొత్త కప్పు, కొత్త మట్టి. మరుగుదొడ్డి, మురుగు కాలువ లేని కాలంలో ఊరిని శుభ్రం చేసుకునే పద్ధతి అదే. పాపికొండల్లోని కొండరెడ్ల జీవితాన్ని, వారి పోడును హైమండార్ఫ్ దగ్గరుండి చూసి 1945లో పుస్తకంగా తెచ్చారు. సంచార వ్యవసాయం అనగానే అజ్ఞానం అని రాసేవాళ్లు ఈ సంగతి గమనించరు.

ఆనాటి ఇంటిని కూడా ఉన్నది ఉన్నట్టు చూద్దాం. వెదురు తడిక, దాని మీద మట్టి, పైన గడ్డి కప్పు. మందపాటి మట్టిగోడ ఎండాకాలం చల్లగా, చలికాలం వెచ్చగా ఉంచుతుంది. పొయ్యి మీది అటకలో విత్తనాల మొక్కజొన్న పొత్తులు వేలాడేవి. పొగ తగిలితే వాటికి పురుగు పట్టదు. కానీ అదే పొగ కిటికీ లేని గదిలో అమ్మల కళ్లకు, పసిపిల్లల ఊపిరితిత్తులకు చేటు చేసింది. చిరుతపులి భయంతో మేకలను కూడా లోపలే కట్టేవారు.

1882లో మద్రాసు అటవీ చట్టం వచ్చింది. రిజర్వు హద్దులు పడ్డాయి, పోడు మీద ఆంక్షలు వచ్చాయి. రంప, గూడెం ఫితూరీలకు భూమి, అడవి, పన్నులు, వెట్టి కారణాలని పాఠాల్లో చదువుతాం. దీనికి ఇంకో ఫలితం ఉంది, అది పాఠాల్లో కనిపించదు. కొత్త చోటుకు పోయే దారి మూసుకుపోవడంతో ఊరు మెల్లగా ఒకేచోట ఆగిపోయింది. ఊరు ఆగింది గానీ, ఆగిన ఊరికి కావలసిన కాలువ, మంచి నీరు, మరుగుదొడ్డి రాలేదు. కదలడం చేసిన పనిని చేసేది ఏదీ మిగలలేదు.

అదే నేల మీద మన్యం జ్వరం ఉండేది. బయటి నుంచి వచ్చిన సిపాయిలు, ఉద్యోగులు ఆ జ్వరానికి భయపడేవారు. దోమ కడుపులో మలేరియా క్రిమిని రొనాల్డ్ రాస్ 1897లో సికింద్రాబాదులో కనుక్కున్నాడు. మన కొండలకు మందు చేరడానికి మాత్రం దశాబ్దాలు పట్టింది. 1953లో జాతీయ మలేరియా నియంత్రణ కార్యక్రమం, 1958లో నిర్మూలన కార్యక్రమం మొదలయ్యాయి. ఇంటి గోడలకు డీడీటీ కొట్టారు. కుట్టిన దోమ గోడ మీద వాలితే చస్తుంది, అదీ దాని పని. 1965 నాటికి దేశంలో కేసులు సుమారు 1 లక్షకు తగ్గాయి. 1976లో మళ్లీ 64 లక్షలకు పెరిగాయి. దోమలు మందుకు తట్టుకోవడం, పని సడలడం అందుకు ముఖ్య కారణాలు.

మన ఇళ్లలో ఇంకో చిక్కు కూడా ఉంది. ఇటుకల పండగ వస్తుందంటే మా నాయనమ్మ ఇల్లంతా ఎర్రమట్టి, పేడ కలిపి అలికేది. అంతకు కొద్ది రోజుల ముందే మందు కొట్టి వెళ్లారనుకోండి, ఆ మందు మట్టి కింద పడిపోయేది. మా వాళ్లకు చెప్పినా వినరని మందు కొట్టేవాళ్లు విసుక్కునేవారు. పండగ ఎప్పుడో అడిగి, అలికిన తర్వాత వస్తే సరిపోయేదని వాళ్లకు తోచలేదు. గోడ మీద మందు ఎలా పనిచేస్తుందో నాయనమ్మకూ ఎవరూ చెప్పలేదు.

నా చెల్లి ఒక వానాకాలం జ్వరంతో పోయింది. అప్పుడు నాయనమ్మ, "ఈ మట్టి పాతబడిపోయిందిరా, ఊరు మార్చాల" అంది. నాన్న మాట్లాడలేదు. ఎక్కడికని మారుస్తాడు? ఉపాధ్యాయ శిక్షణలో మలేరియా పాఠం చదివినప్పుడు ఆ మాట నాకు మళ్లీ గుర్తొచ్చింది. ఆమెకు రోగం తెలుసు, ఒక మందూ తెలుసు. ఆ మందు దొరకని కాలంలో ఆమె బతికింది.

ఇప్పుడు మన ఊళ్లు కదలవు. 2006 అటవీ హక్కుల చట్టం వచ్చాక పట్టాలు పొందిన కుటుంబాలు ఇక ఇక్కడే ఉంటాయి. కాబట్టి ఒకప్పుడు కదిలి సాధించినదాన్ని ఉన్నచోటే సాధించాలి. పొయ్యిని గోడవారగా మార్చి పైన పొగగొట్టం పెట్టాలి, లేదా వంట వసారాలోకి తేవాలి. గ్యాసు బండ ఉన్నా డబ్బులు చాలక చాలామంది కట్టెలే వాడుతున్నారు, అందుకే ఈ మాట. మేకలకు గట్టి తడికతో వేరే పాక వేయాలి. పేడదిబ్బ ఇంటికి, నీళ్ల ఊటకు దూరంగా ఉండాలి. కుండీలు, తొట్లు వారానికోసారి ఎండబెడితే ఇంటి దోమ తగ్గుతుంది. కానీ కొండ మలేరియా దోమల్లో ఒక ముఖ్యమైన రకం నెమ్మదిగా పారే గెడ్డ అంచున, గడ్డిలో గుడ్లు పెడుతుంది. ఊరి పక్క గెడ్డ ఒడ్డున గడ్డి కోయడం ఒక్క ఇంటి పని కాదు, ఊరంతా కలిసి చేయాల్సిన పని. దోమతెరను చేపలకో, కంచెకో వాడకుండా పిల్లల మీద కట్టాలి. పండగ అలుకు అయ్యాక మందు కొట్టించమని పంచాయతీలో ముందే అడగాలి.

కాలనీ ఇల్లు వచ్చినవాళ్లకు ఒక మాట. రేకుల కప్పు కింద ఎండాకాలం పసిపిల్ల నిలవలేదు. కొలతలు గీసేటప్పుడే ఎదురెదురు కిటికీలు, ముందు వసారా అడగండి. పాత మట్టిగోడ కూలగొట్టే ముందు దాన్ని పిల్లలు పడుకునే గదిగా ఉంచుకోవచ్చేమో ఆలోచించండి.

ఉపాధ్యాయ మిత్రులకు ఒక మనవి. ఈ ఏడాది మీ పిల్లలను ఒకసారి పాత ఊరికి తీసుకెళ్లండి. ఎందుకు వదిలేశారో పెద్దల చేత చెప్పించండి. తిరిగి వచ్చాక, ఇప్పటి ఊరిలో వదిలేయాల్సినవి ఏమిటో పిల్లల చేతనే రాయించండి. ఆ కాగితాన్ని గ్రామసభలో చదవండి.