తరగతి గదిలో ప్రతిభావంతుల బోధన

ప్రతిభావంతుల బోధన అనగా తోటివారికంటే త్వరగా లేదా లోతుగా నేర్చుకొనగల విద్యార్థులకు వారి శక్తికి తగిన పని కల్పించుట. అమెరికా విద్యావేత్త జోసెఫ్ రెంజుల్లీ 1978లో ప్రతిభను మూడు గుణాల కలయికగా వివరించాడు. అవి: సగటుకు మించిన సామర్థ్యం, సృజనాత్మకత, చేపట్టిన పనిపై పట్టుదల. దీని ప్రకారం మార్కులు మాత్రమే ప్రతిభకు కొలమానం కావు.

భారతదేశంలో

మన దేశంలో ఈ కృషి ఎక్కువగా ఎంపిక పరీక్షల ద్వారా సాగినది. 1963లో ఢిల్లీలో మొదలైన సైన్సు ప్రతిభాన్వేషణ పథకం మరుసటి సంవత్సరం దేశమంతటికీ విస్తరించి, తరువాత జాతీయ ప్రతిభాన్వేషణ పరీక్షగా మారినది. 2021 మార్చి 31 వరకు ఆమోదం ఉన్న ఈ పథకం ఆపై నిలిపివేయబడినది. 1971లో పి.వి.నరసింహారావు ముఖ్యమంత్రిగా ఉండగా అప్పటి నల్గొండ జిల్లాలోని సర్వేల్‌లో గురుకుల పాఠశాల ప్రారంభమైనది. 1985-86లో మొదలైన నవోదయ విద్యాలయాలు ప్రవేశ పరీక్ష ద్వారా 6వ తరగతిలో విద్యార్థులను చేర్చుకొంటాయి. ఇటువంటి ఎంపికకు అందని ప్రతిభావంతులు సాధారణ తరగతులలోనే ఉంటారు. కనుక వారి విషయంలో ఉపాధ్యాయుని పాత్రే కీలకం. జాతీయ విద్యా విధానం-2020 కూడా ఇట్టి విద్యార్థులను గుర్తించి ప్రోత్సహించుటను ఉపాధ్యాయ శిక్షణలో భాగం చేయాలని సూచించినది.

బోధన పద్ధతులు

* పాఠం కుదింపు: విద్యార్థికి ముందే వచ్చిన భాగాన్ని చిన్న పరీక్షతో నిర్ధారించి, ఆ సమయాన్ని కొత్త పనికి కేటాయించుట.
* విస్తరణ: అదే పాఠాన్ని లోతుగా చేయించుట. ఉదాహరణకు, తరగతి అంతా దీర్ఘచతురస్ర వైశాల్యం లెక్కిస్తుండగా, 40 మీటర్ల కంచెతో అత్యధిక స్థలాన్ని చుట్టగల దీర్ఘచతురస్రం ఏదో కనుగొనమనవచ్చు. సమాధానం 10 మీటర్ల భుజం గల చతురస్రం. దానికి కారణం చెప్పగలుగుటే ముఖ్యం.
* వేగవంతం చేయుట: ఒక విషయంలో పై తరగతి పాఠాలు నేర్పుట.

త్వరగా ముగించిన విద్యార్థికి అవే లెక్కలు మరికొన్ని ఇచ్చుట, ఎల్లప్పుడూ తోటివారికి నేర్పే పని అప్పగించుట విస్తరణ అనిపించుకోవు.

ఉప్పల్, నాచారం ప్రాంతంలో

హైదరాబాదు తూర్పు భాగంలోని ఉప్పల్, నాచారం పారిశ్రామిక ప్రాంతాలు. వీటికి పొరుగున ఉన్న హబ్సీగూడలో జాతీయ భూభౌతిక పరిశోధనా సంస్థ (1961), సి.సి.ఎం.బి. (1977) కలవు. శాస్త్రవేత్తల కుటుంబాలతో పాటు, ఇతర జిల్లాలు, రాష్ట్రాల నుండి వలస వచ్చిన కార్మికుల కుటుంబాలు కూడా ఈ పరిసరాలలో నివసిస్తాయి. 2022-23లో తెలంగాణ ప్రభుత్వ పాఠశాలలలో 1 నుండి 8వ తరగతి వరకు ఆంగ్ల మాధ్యమం ప్రవేశపెట్టబడినది. ఇంట్లో మరొక భాష మాట్లాడే బాలిక లెక్కను సాధించగలిగినా, ప్రశ్న అర్థం కాక వెనుకబడినట్లు కనబడవచ్చు. అందువలన ప్రశ్నను ఆమె భాషలో చదివి వినిపించుట, నోటితో సమాధానం చెప్పనిచ్చుట, బొమ్మలతో లేదా వస్తువులతో చేయించుట గుర్తింపులో అవసరమైన పద్ధతులు.

పై రెండు సంస్థలూ సి.ఎస్.ఐ.ఆర్.కు చెందినవే. 2017లో ఆ మండలి కేంద్రీయ విద్యాలయ సంఘటన్‌తో కలిసి ప్రారంభించిన 'జిజ్ఞాస' కార్యక్రమం విద్యార్థులను ప్రయోగశాలలతో కలుపుతుంది. ఇటువంటి సందర్శనకు మంచి మార్కులు వచ్చినవారినే కాక, ఎక్కువగా ప్రశ్నలు అడిగేవారిని కూడా ఎంపిక చేసినచో పరీక్షలలో బయటపడని ప్రతిభకు అవకాశం కలుగుతుంది.