ఆవిరిగా పీల్చే డీఎంటీ, ఉత్తేజక ద్రవ్య వ్యసనం: సేవన మార్గంపై పరిశీలన

మెథాంఫెటమిన్, కొకైన్ వంటి ఉత్తేజక ద్రవ్యాలకు బానిసైనవారి కోసం అమెరికా ఆహార, ఔషధ నియంత్రణ సంస్థ ఆమోదించిన మందు ఇంతవరకు ఒక్కటీ లేదు. మెథాంఫెటమిన్ వ్యసనంపై 403 మందితో జరిగి 2021లో వెలువడిన పరీక్షలో నాల్ట్రెక్సోన్ ఇంజెక్షన్, బుప్రోపియాన్ మాత్రలు కలిపి తీసుకున్నవారిలో 13.6 శాతం, ఉత్తుత్తి మందు తీసుకున్నవారిలో 2.5 శాతం మాత్రమే మెరుగుపడ్డారు. మూత్ర పరీక్షలో మత్తు జాడ లేని ప్రతిసారీ చిన్న బహుమతి ఇచ్చే ప్రవర్తనా చికిత్స ఏ మందుకన్నా మెరుగైన ఫలితాలు చూపినా, దానికి దక్కిన ఆదరణ స్వల్పం. ఈ లోటులోనే సైకెడెలిక్‌లు, అంటే ఇంద్రియానుభవాన్నీ అహంభావననూ తాత్కాలికంగా తలకిందులు చేసే ద్రవ్యాలు, ప్రత్యామ్నాయంగా ముందుకు వచ్చాయి. వాటిలో వేప్ పెన్‌తో పీల్చే డీఎంటీని విడిగా పరిశీలించవలసి ఉంది.

డీఎంటీ, అనగా డైమిథైల్‌ట్రిప్టమిన్, 1931లో రిచర్డ్ మాన్‌స్కే ప్రయోగశాలలో తయారైనప్పటికీ, మనుషుల మనసుపై దాని ప్రభావాన్ని 1956లో హంగేరీ వైద్యుడు స్టీఫెన్ సారా వెల్లడించేవరకు ఎవరూ గుర్తించలేదు. నోటి ద్వారా తీసుకుంటే పేగుల్లో, కాలేయంలో ఉండే మోనోఅమైన్ ఆక్సిడేజ్ అనే ఎంజైమ్ దాన్ని విచ్ఛిన్నం చేస్తుంది; అమెజాన్ ప్రాంత ప్రజలు అయవాస్కా కషాయంలో ఆ ఎంజైమ్‌ను అడ్డుకునే తీగను కలిపి కాచడానికి రసాయన కారణం ఇదే. ఆవిరిగా పీల్చినప్పుడు ఊపిరితిత్తుల నుంచి రక్తం నేరుగా మెదడుకు చేరుతుంది కనుక ప్రభావం క్షణాల్లో మొదలై, పావుగంట నుంచి ఇరవై నిమిషాల్లో దాదాపు ముగుస్తుంది.

ఈ స్వల్పకాలికతను చికిత్సకు అనుకూల గుణంగా చెప్పడం పరిపాటి. రోగి పక్కన చికిత్సకుడు రోజంతా కూర్చోనక్కరలేదన్న వాదన కాదనలేనిదే. అయితే ఏ మత్తుపదార్థమైనా ఎంత వేగంగా మెదడును చేరితే అంతగా అలవాటును బిగిస్తుందని వ్యసన పరిశోధకురాలు నోరా వోల్కో వంటివారి పరిశోధనలు చూపాయి; కొకైన్ పొడిని ముక్కుతో పీల్చడంకన్నా క్రాక్ పొగను పీల్చడం ప్రమాదకరం కావడానికి ఇదొక కారణం. గాజు గొట్టం, మంట, లోతుగా పీల్చే శ్వాస, వెంటనే వచ్చే మార్పు అన్నీ కలిసి వ్యసనపరుడిలో తృష్ణను రేపే సంకేతాలుగా స్థిరపడి ఉంటాయి కనుక, వేప్ పెన్ ఆ సంకేతాలనే మళ్లీ చేతికందించే అవకాశం ఉంది. పైగా రిక్ స్ట్రాస్‌మన్ బృందం 1996లో ప్రకటించిన ప్రయోగంలో అరగంట వ్యవధితో నాలుగుసార్లు సిరలోకి ఎక్కించినా డీఎంటీ అనుభూతి తీవ్రత తగ్గలేదు. వరుసగా వాడితే పనిచేయకుండా పోయే ఎల్‌ఎస్‌డీ, పుట్టగొడుగులలో ఉండే సైలోసైబిన్ వంటి సైకెడెలిక్‌లకు ఉన్న సహజమైన అడ్డుకట్ట దీనికి లేదన్నమాట. జంతువులు సైకెడెలిక్‌ల కోసం కొకైన్ కోసం వెంపర్లాడినంతగా వెంపర్లాడవన్నది నిజమే, కాని ఆ ప్రయోగాలలోని జంతువులకు గొట్టంతో ముడిపడిన గతం లేదు.

సైలోసైబిన్‌తో జాన్స్ హాప్కిన్స్ విశ్వవిద్యాలయంలో పొగతాగే 15 మందిపై జరిగి 2014లో వెలువడిన ప్రయోగంలో ఆరు నెలల తరువాత 12 మంది పొగ మానివేసి ఉన్నారు. అలబామాలో పీటర్ హెండ్రిక్స్ బృందం అదే ద్రవ్యాన్ని కొకైన్ వ్యసనంపై పరీక్షించింది. ఇవన్నీ నోటి ద్వారా ఇచ్చి, గంటల తరబడి చికిత్సకుల సమక్షంలో, ముందూ వెనుకా సంభాషణలతో నడిపిన ప్రక్రియలు. ఒంటరిగా జేబులోని పెన్ పీల్చేవారికి ఆ ఫలితాలను వర్తింపజేయడం తర్కానికి నిలవదు.

అసలు ప్రమాదం వేరేచోట ఉంది. డీఎంటీ, మెథాంఫెటమిన్ రెండూ రక్తపోటునూ గుండె వేగాన్నీ పెంచుతాయి. ఆస్ట్రేలియాలో రూపుదిద్దుకున్న చాంగా అనే పొగాకు వంటి మిశ్రమంలో డీఎంటీతో పాటు పైన చెప్పిన ఎంజైమ్ నిరోధకాలు కూడా ఉంటాయి. ఒంట్లో మెథాంఫెటమిన్ ఉండగా ఆ నిరోధకాలు తోడైతే రక్తపోటు ప్రాణాంతక స్థాయికి చేరవచ్చు. మెథాంఫెటమిన్ దీర్ఘకాలం వాడినవారిలో అనుమానాలు, లేని గొంతులు వినిపించడం వంటి ఉన్మాద లక్షణాలు తరచు కనిపిస్తాయి. సైకెడెలిక్ పరీక్షలు ఉన్మాద చరిత్ర ఉన్నవారిని సాధారణంగా చేర్చుకోవు కనుక, చికిత్స అత్యవసరమైనవారిలో పలువురు ఆ పరీక్షల గణాంకాల్లోకే రారు.

భారతదేశంలో డీఎంటీ 1985 నాటి మాదకద్రవ్యాల చట్టపు జాబితాలో ఉంది. వేప్ పెన్ కోవకు చెందిన ఎలక్ట్రానిక్ సిగరెట్ల ఉత్పత్తి, దిగుమతి, అమ్మకాలను 2019 చట్టం నిషేధించింది. పరిశోధన విషయానికి వస్తే, బ్రెజిల్‌లోని నటాల్ నగర పరిశోధకులు ఆవిరి డీఎంటీని మందులకు లొంగని కుంగుబాటుపై పరీక్షించారు. సిరలోకి ఎక్కించే పద్ధతిని కూడా కుంగుబాటుపైనే ఇతరులు పరీక్షించారు. ఉత్తేజక ద్రవ్య వ్యసనం విషయంలో ఈ రెండు మార్గాలను పక్కపక్కన పోల్చి, చికిత్స తరువాత గొట్టాన్ని చూసినప్పుడు కలిగే తృష్ణను కొలిచినప్పుడే, ప్రయోజనం అణువుదా, నష్టం పీల్చే పద్ధతిదా అన్న ప్రశ్నను విడదీసి చూడడం సాధ్యమవుతుంది.