పాత యంత్రానికి కొత్త పని చెప్పినవాళ్ళు

విజయవాడలో మా పిన్ని ఇంట్లో, బియ్యం డబ్బాలు పెట్టుకునే వెనక గదిలో ఒక పాత కంప్యూటర్ ఉంది. దాని మీద ఎప్పుడూ ఒక నూలు చీర ముక్క కప్పి ఉంటుంది. వెనక్కి మూరెడు బారు సాగిన గాజు మానిటరు, పసుప్పచ్చగా తిరిగిపోయిన కీబోర్డు, విండోస్ 98. ‘పాత ఇనుం వాడికి వేసెయ్యక ఎందుకు పిన్నీ ఇది, పాత చింతకాయ పచ్చడి’ అంటాడు మా తమ్ముడు వచ్చినప్పుడల్లా. ‘పాత చింతకాయ పచ్చడి విలువ బాలింతనడుగు, నీకేం తెలుసు’ అంటుంది పిన్ని.

పిన్ని 1993 నుంచి ఇరవై ఏళ్ళకు పైగా గవర్నర్‌పేటలో డి.టి.పి. చేసింది. శుభలేఖలు, గైడ్లు, కరపత్రాలు, కథల పుస్తకాలు, అన్నీ ఆ చేతుల మీదుగా వెళ్ళినవే. వాటిలో ఒక స్త్రీల పత్రిక కూడా ఉంది. కొన్నేళ్ళు నడిచి ఆగిపోయింది. నా పిహెచ్.డి. తొంభైల నాటి స్త్రీల కథల మీద. ఆ పత్రిక సంచికలు గ్రంథాలయాల్లో సగం కూడా దొరకలేదు. దొరికినవాటిని చెదలు నాకంటే ముందే చదివేశాయి. ఆ మాట ఒకరోజు అన్నం తింటూ అంటే, పిన్ని చెయ్యి కడుక్కుని వెళ్ళి నాలుగు బిస్కెట్ల డబ్బాలు తెచ్చి నా ముందు పెట్టింది. వాటినిండా ఫ్లాపీలు. ఒక్కోదాని మీద సంచిక నెల, సంవత్సరం, గుండ్రటి అక్షరాలతో.

ఫ్లాపీని చదివే పరికరాన్ని కొత్త కంప్యూటర్‌కి కూడా బయటినుంచి తగిలించుకోవచ్చు. నేనూ అదే చేశాను. ఫైళ్ళు వచ్చాయి గానీ తెలుగు రాలేదు. యూనికోడ్‌కి ముందరి ఫాంట్లలో కంప్యూటర్‌కి సంబంధించినంతవరకూ తెలుగనేదే లేదు. ఇంగ్లీషు అక్షరాల స్థానాల్లో తెలుగు ముక్కల బొమ్మలుంటాయి, తలకట్టు ఒకచోట, గుడి ఒకచోట, వత్తు ఇంకోచోట. ఆ ఫాంటు లేకపోతే కథంతా పిచ్చిగీతలే. ఫాంటు ఉండాలి, పేజ్‌మేకర్ ఉండాలి, వీటన్నిటికంటే ముందు ‘తాళం’ ఉండాలి. పిన్ని వాడిన తెలుగు సాఫ్ట్‌వేర్‌తో అగ్గిపెట్టెంత డబ్బా ఒకటి ఇచ్చారు. ప్రింటరు వైరు పెట్టేచోట దాన్ని గుచ్చితేనే అక్షరాలు కనబడతాయి. నా లాప్‌టాప్‌కి అసలు ఆ కంతే లేదు. వెనక గదిలోని యంత్రానికుంది.

అలా అది మళ్ళీ పనిలోకి దిగింది, పాత పనిలోకి కాదు. ఇప్పుడు దానిమీద కంపోజింగ్ చేయించుకునేవాళ్ళెవరూ లేరు. అది చదవడానికే. పిన్ని ఫైలు తెరిచి కథని మామూలు టెక్స్టుగా విడదీస్తుంది. దాన్ని నేను ఫ్లాపీలోనే నా కంప్యూటర్‌కి తెచ్చుకుని ఫాంటు మార్చే ప్రోగ్రాములో వేస్తాను. వత్తులు తారుమారైనచోట ఇద్దరం కూర్చుని దిద్దుతాం. ఫ్లాపీలో పట్టేది 1.44 ఎం.బి. కథకి అది చాలు. రాసే యంత్రాన్ని చదివే యంత్రంగా మార్చిన ఈ ఏర్పాటు నా తెలివి కాదు. తాళం సంగతి, విడదీసే పద్ధతి, ఏ సంచిక ఏ ఫాంటులో ఉందన్నది, అన్నీ పిన్నికి తెలిసినవే.

పిహెచ్.డి. అయ్యాక, స్త్రీలూ సాంకేతికతా అన్న పాఠం చెప్పాల్సివచ్చి ఎనియాక్ చరిత్ర చదివాను. ఎనియాక్ కథ మనలో చాలామందికి ఆరుగురు అమ్మాయిల కథగా తెలుసు. ఫిలడెల్ఫియాలో పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయంలో 1943లో మొదలుపెట్టి 1945 చివరికి పూర్తిచేసిన యంత్రం. నలభై నిలువు పలకలు, దాదాపు 18 వేల వాక్యూమ్ ట్యూబులు, 30 టన్నుల బరువు. ఫిరంగిని ఏ కోణంలో పేలిస్తే గుండు ఎక్కడ పడుతుందో చెప్పే పట్టికలు అమెరికా సైన్యానికి కావాలి. ఆ లెక్కల్ని అంతకుముందు చేతులతో చేసినవాళ్ళు గణితం చదివిన అమ్మాయిలు. వాళ్ళ ఉద్యోగం పేరే ‘కంప్యూటర్’, హోదా ‘సబ్‌ప్రొఫెషనల్’. వాళ్ళలోంచి కాథ్లీన్ మెక్‌నల్టీ, జీన్ జెన్నింగ్స్, బెట్టీ స్నైడర్, మార్లిన్ వెస్కాఫ్, ఫ్రాన్సిస్ బిలాస్, రూత్ లిక్టర్‌మన్‌లను ఎంచి ఈ యంత్రానికి పని చెప్పమన్నారు. 1946 ఫిబ్రవరిలో లోకానికి చూపించిన ప్రదర్శన లెక్కని సిద్ధం చేసింది జీన్, బెట్టీ. ఆ రాత్రి విందుకి వాళ్ళని పిలవలేదు. 1980లలో కాథీ క్లైమన్ అనే విద్యార్థిని ఫొటోల్లోని ఆడవాళ్ళెవరని ఆరా తీస్తే, యంత్రం పక్కన అందం కోసం నిలబెట్టిన మోడళ్ళని జవాబొచ్చింది. ఇదంతా ఇప్పుడు పుస్తకాల్లో ఉంది, నేను మళ్ళీ చెప్పక్కర్లేదు. నన్ను ఆపింది దీని తర్వాతి కథ.

యుద్ధం కోసం మొదలుపెట్టిన ఎనియాక్ తయారయ్యేసరికి యుద్ధమే అయిపోయింది. పైగా దాన్ని కట్టినవాళ్ళే అప్పటికి దానిలోని లోపం గుర్తించి, ఎడ్వాక్ అనే మరో యంత్రానికి నమూనా ఆలోచించారు. అంటే ఎనియాక్ పుట్టేనాటికే పాతబడిపోయింది! ఆ లోపం ఏమిటంటే, లెక్క మారినప్పుడల్లా వందలకొద్దీ వైర్లు పీకి మళ్ళీ గుచ్చాలి, మీటలన్నీ మళ్ళీ తిప్పాలి. క్షణాల్లో లెక్క చేసే యంత్రాన్ని ఆ లెక్కకి సిద్ధం చెయ్యడానికి రోజులు పట్టేది. కొత్తదేమో కాగితం మీద ఉంది. ఎడ్వాక్ నిజంగా పనిలోకి దిగింది 1951లో. అప్పటిదాకా ఏం చెయ్యాలి? ఉన్నదాంతోనే నెట్టుకురావాలి. ఈ వాక్యం మన ఇళ్ళల్లో ఏ గొంతుతో వినబడుతుందో నేను చెప్పాలా!

ఎనియాక్‌కి ‘ఫంక్షన్ టేబుళ్ళు’ అని మూడు ఉండేవి. నిలువెత్తు చట్రాలు, కింద చక్రాలు, ఒక్కోదాని మీద వెయ్యికి పైగా తిప్పుడు మీటలు. ఒక్కో మీటని సున్నా నుంచి తొమ్మిది దాకా ఏ అంకె మీదైనా నిలపొచ్చు. లెక్కకి మాటిమాటికీ అవసరమయ్యే సంఖ్యల్ని, గాలి నిరోధం లాంటివాటిని, ముందే అక్కడ అమర్చిపెట్టుకోవడం కోసం చేసినవి. వంటింట్లో పోపులపెట్టె అనుకోండి. 1947లో యంత్రాన్ని మేరీలాండ్‌లోని అబర్డీన్ సైనిక ప్రయోగశాలకి చేర్చారు. అప్పుడే ఒక ఆలోచన పక్వానికొచ్చింది. ఆ మీటల మీద సంఖ్యలకి బదులు ఆజ్ఞలు ఎందుకు పెట్టకూడదు? రెండంకెలు కలిస్తే ఒక ఆజ్ఞ. ఈ అంకె అయితే కూడు, ఆ అంకె అయితే ఫలానాచోట దాచు. వైర్లు ఒక్కసారి గుచ్చేసి ఇక వాటి జోలికి పోకుండా, లెక్క మారినప్పుడు మీటలు మాత్రం తిప్పితే సరిపోతుంది.

దీనికి మూల్యం తక్కువేమీ కాదు. ఎనియాక్‌లో అనేక భాగాలు ఒకేసారి పనిచేసేవి. ఈ పద్ధతిలో ఒకదాని తర్వాత ఒకటే చెయ్యాలి. వేగం ఆరో వంతుకి పడిపోయిందని చెప్తారు. అయినా రోజులకొద్దీ వైర్లతో కుస్తీ పట్టడం తప్పింది కాబట్టి మొత్తం మీద లాభమే. ఈ కొత్త ఆజ్ఞల పద్ధతిని రూపొందించడంలో, ఎనియాక్ వివరణ గ్రంథం రాసిన అడేల్ గోల్డ్‌స్టైన్ ఉంది. జీన్ జెన్నింగ్స్ నాయకత్వంలో ఒక చిన్న బృందం ఆ పనికే కూర్చుంది. ఆలోచన మాత్రం ఎవరిదన్న తగాదా తర్వాతి ఏళ్ళలో మగవాళ్ళ మధ్యే నడిచింది.

ఇక్కడో చికాకు చెప్పుకోవాలి. ఈ ఆడవాళ్ళని సూచికల్లో వెతకడం మన పాత రచయిత్రుల్ని వెతకడం లాంటిదే. జెన్నింగ్స్ పెళ్ళయ్యాక బార్టిక్. మెక్‌నల్టీ మొదట మాక్లీ, తర్వాత ఆంటొనెల్లి. ఒక పేజీలో కనబడిన మనిషి ఇంకో పేజీలో ఇంటిపేరు మారి మాయమవుతుంది. పిన్ని ఫ్లాపీల్లోనూ ఒకే రచయిత్రి రెండు ఇంటిపేర్లతో ఉంది. ఇద్దరూ ఒకరేనని నాకు చెప్పింది కూడా పిన్నే, ‘చేతిరాత ఒకటే కదే’ అని.

1948 ఏప్రిల్లో, మార్చిన ఎనియాక్ మీద నడిచిన మొదటి పెద్ద ప్రోగ్రాము క్లారా వాన్ న్యూమన్ రాసింది. 1911లో బుడాపెస్ట్‌లో పుట్టిన మనిషి. చిన్నప్పుడు స్కేటింగ్‌లో జాతీయ ఛాంపియన్. గణితంలో డిగ్రీ లేదు. భర్త జాన్ వాన్ న్యూమన్ ప్రపంచం ఎరిగిన గణిత శాస్త్రజ్ఞుడు. దాదాపు ఎనిమిది వందల ఆజ్ఞల ప్రోగ్రామది. నికొలస్ మెట్రోపొలిస్ అనే శాస్త్రవేత్తతో కలిసి అబర్డీన్‌లో దాదాపు నెల రోజులు కూర్చుని యంత్రాన్ని కొత్త పద్ధతిలోకి మార్చి, ప్రోగ్రాము నడిపించి, తప్పులు పట్టుకుని ఇంటికి చేరేసరికి ఆవిడ చిక్కి సగమైందట. ఆవిడ తన గురించి రాసుకున్నది పూర్తి కాలేదు. దానికి పెట్టుకున్న పేరు చాలా ఎత్తయిన గడ్డిలో ఒక మిడత అన్న అర్థం వచ్చేది. 1963లో చనిపోయింది.

ఆ ప్రోగ్రాము దేనికో కూడా చెప్పాలి. అణ్వాయుధంలో న్యూట్రాన్లు ఎలా పాకుతాయో, యాదృచ్ఛిక సంఖ్యలతో అంచనా కట్టే లెక్క అది. స్త్రీ పేరు దొరికిందన్న సంతోషంలో ఈ మాట మింగేస్తే నాకు నిద్రపట్టదు. హిరోషిమా అయిన మూడేళ్ళకి ఇంకా మెరుగైన బాంబు కోసం చేసిన పని. క్లారా అదృశ్య శ్రామికా, అణ్వాయుధ కార్ఖానాలో భాగస్వామా అని పాఠంలో పిల్లలు వాదించుకున్నారు. నాకైతే రెండూ నిజమే. కనబడకుండా పోయినంత మాత్రాన బాధ్యత నుంచి విడుదల దొరకదు.

అదే ఏడాది జూన్‌లో మాంచెస్టర్‌లో నడిచిన ఒక చిన్న యంత్రానికి, ప్రోగ్రాముని తనలోనే దాచుకున్న మొదటి కంప్యూటర్ అన్న గౌరవం దక్కింది. ఎనియాక్ రెండు నెలల ముందే ఉన్నా, మీటల మీది ఆజ్ఞల్ని అది చదవగలదే తప్ప తనంతట తను మార్చుకోలేదు కాబట్టి లెక్కలోకి రాదన్నారు. సాంకేతికంగా ఆ వాదన సరైనదే. నా ఇబ్బంది ఆ తీర్పుతో కాదు, ‘మొదటిది’ అన్న పోటీతోనే. ఈ పోటీలో కొత్తగా కట్టినదానికే బహుమతి ఉంటుంది. ఉన్నదాన్ని విప్పి, ఏ భాగం ఇంకేం చెయ్యగలదో గమనించి మరో పనికి ఒప్పించినదానికి బహుమతి ఉండదు. దానికి ‘మార్పు’, ‘సర్దుబాటు’, మరీ దయతలిస్తే ‘నిర్వహణ’ అని పేరు.

1950 మార్చి, ఏప్రిల్ నెలల్లో ఇదే ఎనియాక్ ఇంకో కొత్త పని చేసింది. వాతావరణాన్ని కంప్యూటర్‌తో ముందే చెప్పే మొదటి ప్రయత్నం అది. ఇరవై నాలుగు గంటల జోస్యానికి దాదాపు ఇరవై నాలుగు గంటల లెక్క పట్టింది. వాతావరణం కంటే యంత్రం వెనకబడకుండా ఉండటమే గొప్ప! ‘టెల్లస్’ పత్రికలో ఆ ఏడాదే వచ్చిన వ్యాసం మీద చార్నీ, ఫ్యోర్టాఫ్ట్, వాన్ న్యూమన్ అని ముగ్గురి పేర్లున్నాయి. ఆ వాన్ న్యూమన్ జాన్. చివర కృతజ్ఞతల్లో, ఎనియాక్‌కి ప్రోగ్రాము రాయడం నేర్పినందుకూ, చివరి ప్రోగ్రాముని సరిచూసినందుకూ శ్రీమతి కె. వాన్ న్యూమన్‌కి ధన్యవాదాలున్నాయి. ఎనియాక్‌ని 1955 అక్టోబర్‌లో ఆపేశారు. మారిన పద్ధతిలోనే అది ఏడేళ్ళు బతికింది.

ఆ కృతజ్ఞతల వాక్యం చదివిన రాత్రి నా సిద్ధాంత గ్రంథం తీసి చూశాను. గైడ్‌కి, గ్రంథాలయాలకి, స్నేహితులకి, నాన్నకి అన్నీ అయ్యాక చివరి వరసలో ‘కంప్యూటర్ సహాయం చేసిన మా పిన్నికి’ అని ఉంది.

అంతకంటే అన్యాయం మూడో అధ్యాయంలో చేశాను. పేజ్‌మేకర్ తెలిసినవాళ్ళకి గుర్తుండే ఉంటుంది, తెరమీద పేజీ చుట్టూ ఖాళీ స్థలం ఉంటుంది. అక్కడ పెట్టినది ఫైలులో ఉంటుంది గానీ ప్రింటులో రాదు. మూడు కథల ఫైళ్ళు తెరిచినప్పుడు, పేజీ బయట, ఎడంపక్కన కొన్ని పేరాలు కనబడ్డాయి. ఒకటి భర్త ఇంట్లో లేని మధ్యాహ్నం గురించి. ఒకటి గర్భస్రావం గురించి. మూడోది ఒక ఊరి పెద్ద పేరుతో సహా. అచ్చయిన సంచికల్లో ఇవి లేవు. స్త్రీల పత్రిక కూడా స్త్రీల కథల్లోంచి ఏం కోసిందన్నది ఆ అధ్యాయానికి ప్రాణం. పరీక్షకులు మెచ్చుకున్నదీ దాన్నే. ‘నేను కనుగొన్న ముద్రణకు నోచని పాఠాలు’ అని రాసుకున్నాను.

ఈ వేసవిలో సిద్ధాంత గ్రంథాన్ని పుస్తకంగా దిద్దుతూ మళ్ళీ ఆ ఫైళ్ళు తెరవడానికి వెళ్ళాను. ఆ పేరాలు పేజీ బయట ఎలా మిగిలాయని పిన్నిని మొదటిసారి అప్పుడడిగాను. ఇన్నేళ్ళూ పొరపాటున మిగిలాయనే అనుకున్నాను.

‘తీసెయ్యమన్నారు. చెరిపెయ్యబుద్ధి కాలేదు, పక్కకి జరిపాను. రాసినావిడ ఎప్పుడైనా వచ్చి అడిగితే ఇద్దామని. ఎవరూ రాలేదు, నువ్వొచ్చావు.’

పుస్తకంలో ఆ వాక్యం మార్చి నీ పేరుతో రాస్తానన్నాను. లాప్‌టాప్‌లో ఫంక్షన్ టేబుల్ ఫొటో, దాని ముందు మీటలు తిప్పుతున్న అమ్మాయిల్ని చూపించాను. పిన్ని కళ్ళజోడు సవరించుకుని చాలాసేపు చూసింది. ‘ఇన్నిట్లో ఒక్కటి తప్పు తిరిగితే ఎలా పట్టుకునేవాళ్ళే?’ అంది. తర్వాత చీర ముక్క తీసి పక్కన పెట్టి స్విచ్ వేసింది. ‘పేరు వేస్తే వేశావు గానీ, ప్రూఫులు మాత్రం నాకియ్యి. పోయినసారి నీ పుస్తకంలో వత్తులన్నీ నాశనం’ అంది.