కూనవరం ఏ జిల్లా? : భద్రాచలం మన్యపు దస్త్రాలు – డేటాబేస్ నిర్మాణం

భద్రాచలం మన్యంలో ఊళ్లు కదలకపోయినా జిల్లాల హద్దులు పలుమార్లు కదిలాయి. శబరి గోదావరిలో కలిసే చోటనున్న కూనవరం ఇందుకు నిదర్శనం. తూర్పు గోదావరి జిల్లాలో ఉండిన ఈ ప్రాంతం 1959లో ఖమ్మం జిల్లాలో చేరింది. పోలవరం ముంపు దృష్ట్యా 2014లో ఆంధ్రప్రదేశ్‌కు బదిలీ అయి మళ్లీ తూర్పు గోదావరిలోను, 2022లో అల్లూరి సీతారామరాజు జిల్లాలోను భాగమైంది. భద్రాచలం పట్టణం తెలంగాణలోనే నిలిచి, 2016లో ఏర్పడిన భద్రాద్రి కొత్తగూడెం జిల్లాకు చెందింది.

ఈ మార్పులు పాలనా చరిత్రకే పరిమితం కావు. 2006 నాటి అటవీ హక్కుల చట్టం ప్రకారం ఆదివాసులు 2005 డిసెంబరు 13కు ముందునుండి అటవీ భూమి తమ అధీనంలో ఉన్నదని నిరూపించాలి. క్లెయిములు గ్రామసభలో మొదలై డివిజన్, జిల్లా స్థాయి కమిటీలకు చేరుతాయి. క్లెయిముదారులు కాని పెద్దల వాంగ్మూలాన్ని లిఖితరూపంలో సాక్ష్యంగా నియమాలు అంగీకరిస్తాయి. మౌఖిక స్మృతికి చట్టం ఇచ్చిన గౌరవమిది. ఒకే పెద్ద మాట పలు కుటుంబాలకు ఆధారం కావచ్చు. ఒక కుటుంబానికి పలు ఆధారాలు ఉండవచ్చు.

ఇటువంటి దస్త్రాలను అనేకులు అప్‌లోడ్ చేసే వ్యవస్థలో పేరు, ఊరు, జిల్లా, ఫైలు అన్నింటినీ ఒకే పట్టికలో కూర్చితే చిక్కులు తప్పవు. ఒక వాంగ్మూలం పదిచోట్ల నకలవుతుంది. జిల్లా మారినప్పుడు ప్రతి వరుసనూ తిరగరాయవలసి వస్తుంది. ఒక్కటి మరచినా ఆ దస్త్రం వెదుకులాటకు దొరకదు.

1970లో ఎడ్గార్ కాడ్ ప్రతిపాదించిన సంబంధాత్మక నమూనా ఇందుకు మార్గం చూపుతుంది. వ్యక్తులు, ఊళ్లు, క్లెయిములు, దస్త్రాలు వేర్వేరు పట్టికలుగా ఉండాలి. క్లెయిమును, దస్త్రాన్ని కలిపే అనుసంధాన పట్టిక మరొకటి కావాలి. ఊరికి మారని సంఖ్య ఇచ్చి, అది ఏ తేదీనుండి ఏ తేదీవరకు ఏ జిల్లాలో ఉన్నదో విడిగా నమోదు చేయాలి. వాంగ్మూలం చెప్పినవారు, రాసినవారు, అప్‌లోడ్ చేసినవారు ముగ్గురూ ఒకరే కానక్కరలేదు గనుక వారి పాత్రలను వేరుగా గుర్తించాలి. సవరించిన ప్రతి వచ్చినప్పుడు పాత ప్రతిని చెరపరాదు.

తాళపత్రం చివర లేఖకుడు తన పేరు, ఊరు, కాలం రాసుకొనడం తెలుగు పరిష్కర్తలకు తెలిసినదే. ప్రతుల వంశవృక్షాన్ని నిర్ణయించడంలో ఆ వివరాలే దారిచూపాయి. డిజిటల్ దస్త్రానికి ఆ బాధ్యతను డేటాబేస్ వహిస్తుంది. అది లోపిస్తే నష్టపోయేది పాఠం ఒక్కటే కాదు, ఒక పోడు కుటుంబపు భూమి కూడా.