మాల్ట్ విస్కీ: బట్టీ నుంచి లేబుల్ దాకా

స్కాట్లండు రాజు నాలుగో జేమ్స్ ఖజానా లెక్కల్లో 1494 నాటి పద్దు ఒకటుంది. జాన్ కార్ అనే క్రైస్తవ సన్యాసికి ఆక్వా వీటే అనే సారా కాయడానికి 8 బోల్‌ల (అప్పటి ధాన్యం కొలత) మాల్ట్ ఇచ్చినట్టు రాశారు. స్కాచ్ చరిత్రకు దొరికిన తొలి ఆధారం అదే. అంత ధాన్యం ఒక్కసారి ఇచ్చారంటే, అప్పటికే అది చేయి తిరిగిన పని అయి ఉండాలి.

ఆ పని ఇప్పటికీ పెద్దగా మారలేదు. బార్లీని నానబెట్టి మొలకెత్తిస్తారు. మొలకతో పుట్టే ఎంజైములే గింజలోని పిండిని చక్కెరగా మారుస్తాయి. రాగులు మొలకగట్టి మాల్ట్ చేసుకునే మన ఇళ్లకు ఇది తెలిసిన విద్యే. మొలక ముదరకముందే ఆరబెడతారు. స్కాట్లండులోని ఐలా దీవిలో అందుకు పీట్ అనే బురదనేల ఇంధనం కాలుస్తారు. ఆ పొగ వాసన సీసాలోకి చేరాక కూడా వదలదు. గింజను మరపట్టి, వేడినీళ్లతో తీపిరసం దించి, ఈస్టు వేసి పులియబెట్టి, రాగి బట్టీలో సాధారణంగా రెండుసార్లు కాస్తారు. మొదట వచ్చేదాన్నీ చివర వచ్చేదాన్నీ మళ్లీ బట్టీలోకే పంపుతారు. నడిమి ధార మాత్రమే పీపాకెక్కుతుంది. నీళ్లలా రంగు లేని ఆ సారా ఓక్ పీపాలో కనీసం 3 ఏళ్లు ఉంటేగాని స్కాచ్ అనిపించుకోదు.

అన్నేళ్లు సరుకు దాచుకోవడం సుంకాల వాళ్ల భయం ఉన్నవాడికి కుదిరే పని కాదు. హైలాండ్స్ కొండల్లో చాలాకాలం చాటుగానే కాచారు. 1823 చట్టం సుంకం బాగా తగ్గించి, ఏటా 10 పౌండ్లకు లైసెన్సు ఇచ్చింది. మరుసటేడు గ్లెన్‌లివెట్ లోయలో జార్జ్ స్మిత్ లైసెన్సు తీసుకుంటే, దొంగసారా కాసే ఇరుగుపొరుగువాళ్లు బట్టీ తగలబెడతామని బెదిరించారు. ఆయన పిస్తోళ్లు దగ్గర పెట్టుకుని తిరిగాడు.

అయినా మాల్ట్‌కు సొంత పేరు దక్కలేదు. 1830లో ఈనియస్ కాఫీ పేటెంటు పొందిన బట్టీ ఆగకుండా, చవగ్గా ధాన్యపు సారా దించింది. దాన్ని మాల్ట్‌తో సుంకం కట్టకముందే గోదాముల్లో కలుపుకునే వీలు 1860లో వచ్చింది. ఘాటు తగ్గిన ఆ బ్లెండ్‌నే లోకం కొన్నది. డిస్టిలరీలు తమ మాల్ట్‌లో చాలా భాగం బ్లెండర్లకు పీపాల లెక్కన అమ్ముకుని బతికాయి. ఒకే డిస్టిలరీలో, మొలక బార్లీతోనే చేసిన సింగిల్ మాల్ట్‌ను 1963లో గ్లెన్‌ఫిడిక్ యజమానులు పట్టుబట్టి విదేశాల్లో అమ్మడం మొదలుపెట్టారు. నా దృష్టిలో ఇది 1823 అంత పెద్ద మలుపు.

ఆ దారిలోనే 2004లో బెంగళూరు డిస్టిలరీ అమృత్ తన సింగిల్ మాల్ట్‌ను తొలుత గ్లాస్గోలోనే అమ్మకానికి పెట్టింది. స్కాట్లండు పీపాల్లో ఏటా సుమారు 2 శాతం ఆవిరైపోతే, బెంగళూరులో 10 శాతం దాకా పోతుంది. సారా పక్వానికి రావడమూ అంత త్వరగానే జరుగుతుంది. సీసా మీది వయసు చూసి వెల కట్టే స్కాచ్ అలవాటు బెంగళూరు మాల్ట్‌కు వర్తించదు.